తెల్ల యూనిఫాంలో క్రో జనం మనిషి: సూసీ ఎల్లోటెయిల్

అమెరికా మూలవాసుల ఆరోగ్య హక్కుల చరిత్రలో సూసీ వాకింగ్ బేర్ ఎల్లోటెయిల్ పేరు వచ్చిన ప్రతిచోటా ఆమెను తొలి మూలవాసీ రిజిస్టర్డ్ నర్సు అని రాస్తుంటారు. ఆ మాట పూర్తిగా నిలబడదు. ఆమెకన్నా ముందే ఒనైడా, చెరోకీ స్త్రీలు నర్సింగ్ చదివారు. తన క్రో జాతిలో మాత్రం ఆమే మొదటిది. అయినా మొదలెవరు, తర్వాతెవరు అన్న లెక్కతో మనకు పెద్దగా పనిలేదు. ఆ యూనిఫాం వేసుకున్నాక ఆమె ఎవరి పక్కన నిలబడిందన్నదే మనం చూడాల్సింది.

సూసీ 1903 జనవరి 27న మోంటానా రాష్ట్రంలోని క్రో రిజర్వేషన్‌లో, ప్రయర్ అనే ఊరి దగ్గర పుట్టింది. తండ్రి క్రో, తల్లి లకోటా. రిజర్వేషన్ అనగానే మనకు చదువుల్లో, ఉద్యోగాల్లో వాటా గుర్తొస్తుంది. అక్కడ ఆ మాటకు అర్థం వేరు. మూలవాసుల నేలంతా లాక్కుని, మీరిక ఇక్కడే బతకండని ప్రభుత్వం గీత గీసి చూపించిన జాగా అది. ఆ గీతల లోపల బడి, ఆసుపత్రి, పంపిణీ చేసే తిండిగింజలు అన్నీ ప్రభుత్వ అధికారుల చేతుల్లోనే ఉండేవి.

పన్నెండేళ్లకే సూసీ తల్లీ తండ్రీ లేని పిల్ల అయింది. బోర్డింగ్ బడుల్లో పెరిగింది. ఆ కాలపు బోర్డింగ్ బడులంటే పిల్లల జుట్టు కత్తిరించి, సొంత భాష మాట్లాడితే శిక్షించి, వాళ్లలోని మూలవాసిని చంపేయాలని పెట్టినవి. తర్వాత ఓక్లహోమాలోని బేకన్ ఇండియన్ స్కూల్లో చదివింది. అది బాప్టిస్టుల బడి. ఒంగోలు, నెల్లూరు ప్రాంతాల్లో మాదిగ పేటలకు బడినీ ఆసుపత్రినీ తెచ్చింది కూడా అమెరికన్ బాప్టిస్టులే. మన తాతముత్తాతల్లో చాలామందికి లాగే సూసీకీ చదువు ఆ తలుపులోంచే వచ్చింది. ఆ చదువుకు బదులుగా ఏం వదులుకోమన్నారన్న ప్రశ్న కూడా రెండుచోట్లా ఉంది.

అక్కడినుంచి మసాచుసెట్స్‌లోని నార్త్‌ఫీల్డ్ సెమినరీకి వెళ్లింది. ఫీజు ఒక పోషకురాలు కట్టింది. తిండికీ, ఉండటానికీ సూసీ ఇంటిపని చేసింది, పిల్లల్ని చూసుకుంది. 1920లలో బోస్టన్ సిటీ హాస్పిటల్ నర్సింగ్ స్కూల్లో శిక్షణ ముగించి రిజిస్టర్డ్ నర్సు అయింది. తూర్పు నగరాల్లోనే స్థిరపడే అవకాశం ఉన్నా 1929 నాటికి క్రో నేలకు తిరిగొచ్చింది. థామస్ ఎల్లోటెయిల్‌ను పెళ్లాడి, క్రో ఏజెన్సీలోని ప్రభుత్వ ఆసుపత్రిలో చేరింది.

ఆ ఆసుపత్రిలో కళ్లారా చూసినవే ఆమె జీవితాన్ని మలుపు తిప్పాయి. డాక్టర్లకు క్రో భాష రాదు. నేర్చుకోవాలన్న ఆలోచన కూడా లేదు. కాన్పుకు వచ్చిన క్రో స్త్రీలకు ఏం చేస్తున్నారో చెప్పకుండా, ఒప్పుకుంటారో లేదో అడక్కుండా ఇక పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేసేవాళ్లు. అందులో పనిచేసే నర్సుకు ఇది రోజూ కనిపించే సంగతి. నోరు మూసుకుంటే జీతం వస్తుంది. మాట్లాడితే ఆసుపత్రి అంతా ఎదురు తిరుగుతుంది. సూసీ మాట్లాడింది. ఆ ఉద్యోగంలో ఎంతోకాలం లేదు గానీ, ఈ సంగతిని మాత్రం జీవితాంతం వదల్లేదు. ఆసుపత్రి పేరెత్తితేనే భయపడే స్త్రీలకు ఇళ్ల దగ్గరే కాన్పులు చేసింది. మన ఊళ్లలో మంత్రసానులు చేసిన పనే అది. బోస్టన్ చదువు ఉన్న మనిషి ఆ పనిని చిన్నతనం అనుకోలేదు.

1930 నుంచి దాదాపు ముప్పై ఏళ్లు ఆమె ప్రజారోగ్య సలహాదారుగా రిజర్వేషన్ల వెంట తిరిగింది. చూసింది చూసినట్టు నమోదు చేసింది. జబ్బుపడ్డ పిల్లల్ని వీపున కట్టుకుని తల్లులు ఇరవై, ముప్పై మైళ్లు నడిచేవాళ్లు. ఆసుపత్రి చేరేలోపే ఆ వీపుమీదే కొందరు పిల్లలు చనిపోయేవాళ్లు. నవాహో నేలలో ఇంగ్లిషు రాని ముసలివాళ్లు తమ నొప్పి ఎక్కడో డాక్టరుకు చెప్పుకోలేకపోయేవాళ్లు. దుబాసీలు కావాలనీ, జనంలోంచే ఆరోగ్య కార్యకర్తలు రావాలనీ, సంప్రదాయ వైద్యులకు ఆసుపత్రిలో చోటుండాలనీ ఆమె అడుగుతూనే ఉంది. 1968లో మొదలైన సామాజిక ఆరోగ్య ప్రతినిధుల కార్యక్రమం వెనక ఆమె కృషి ఉంది. ఆ కార్యక్రమంలో తెగ మనుషులే తమ జనం ఇళ్లకు వెళ్లి ఆసుపత్రికీ వాళ్లకూ మధ్య వంతెనగా నిలుస్తారు.

ఇదంతా చేస్తూ ఆమె క్రో మనిషిగానే బతికింది. ప్రభుత్వం ఏళ్ల తరబడి నిషేధించిన సన్ డాన్స్ 1941లో క్రో నేలకు తిరిగొచ్చింది. థామస్ తర్వాతి కాలంలో ఆ క్రతువుకు పెద్ద అయ్యాడు. 1950లలో భార్యాభర్తలిద్దరూ క్రో నృత్య బృందంతో యూరప్ తిరిగారు. నర్సు కావాలంటే క్రో తనం వదులుకోవాలని ఆ బడులు నేర్పాయి. సూసీ ఆ పాఠం ఒంటబట్టించుకోలేదు.

1962లో ఆమెకు నర్సింగ్ సేవలకు అధ్యక్షుడి పురస్కారం వచ్చింది. కెన్నెడీ, జాన్సన్, నిక్సన్‌ల కాలంలో ఆరోగ్య, విద్యా సలహా సంఘాల్లో కూర్చుంది. అయితే పురస్కారాల జాబితా చూసి సమస్య తీరిందనుకోవద్దు. 1976లో అమెరికా ప్రభుత్వ లెక్కల తనిఖీ సంస్థ ఒక నివేదిక ఇచ్చింది. 1973 నుంచి 1976 మధ్య ఇండియన్ హెల్త్ సర్వీస్ కింద 3,406 మంది మూలవాసీ స్త్రీలకు సంతానం కలగకుండా ఆపరేషన్లు జరిగాయని తేల్చింది. సమ్మతి పత్రాలు సరిగ్గా లేవని కూడా చెప్పింది. ఆ లెక్క పన్నెండు ప్రాంతాల్లో నాలుగింటిది మాత్రమే. క్రో ఆసుపత్రిలో సూసీ చూసిన నాటికీ ఈ నివేదికకూ మధ్య నలభై ఏళ్లకు పైగా గడిచాయి. సరిగ్గా అదే కాలంలో, ఎమర్జెన్సీ నీడలో, మన దేశంలో 1976-77 ఒక్క ఏడాదే 80 లక్షలకు పైగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు జరిగాయి. పేటలనూ బస్తీలనూ లారీలెక్కించి తీసుకుపోయిన రోజులవి.

మూలవాసీ నర్సుల తొలి వృత్తి సంఘం ఏర్పడటంలోనూ సూసీ ముందుంది. 1978లో ఆ నర్సులే ఆమెను అమెరికన్ ఇండియన్ నర్సుల అమ్మమ్మ అని పిలుచుకున్నారు. 1981 డిసెంబర్ 25న ఆమె కన్నుమూసింది. అమెరికన్ నర్సెస్ అసోసియేషన్ తన హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఒక మూలవాసీ నర్సుకు మొదటిసారి చోటిచ్చింది 2002లో. ఆ చోటు సూసీదే. అప్పటికి ఆమె పోయి ఇరవై ఏళ్లు దాటింది.