రేవుపట్టణాన్ని తిరిగి నిలిపిన ఒగుస్త్ పెరె

ఒగుస్త్ పెరెది ఫ్రాన్సు దేశం. పుట్టినది మాత్రం పొరుగునున్న బెల్జియంలో. తండ్రి రాతిపని మేస్త్రీ. 1871 నాటి పారిస్ కమ్యూన్ తిరుగుబాటు అణగారిన పిదప ఆయన సరిహద్దు దాటి బ్రస్సెల్స్‌లో తలదాచుకున్నాడు. అక్కడే 1874లో ఒగుస్త్ జన్మించాడు. కొన్నేళ్ళకు క్షమాభిక్ష లభించి ఆ కుటుంబం పారిస్ చేరుకుంది.

లలితకళాశాలలో వాస్తుశిల్పం అభ్యసించిన పెరె పట్టా పుచ్చుకోకుండానే తండ్రి నిర్మాణ వ్యాపారంలో చేరాడు. తరువాత తమ్ములు గుస్తావ్, క్లోద్ తోడైనారు. కాంక్రీటును చాటున ఉంచి, పైన రాతి ముసుగు తొడగటం ఆనాటి మర్యాద. పెరెకు అది రుచించలేదు. బరువు మోసే స్తంభం, దూలం కంటికి కనబడాలన్నదే ఆయన పట్టుదల. హేతుబద్ధ వాస్తురీతి అంటే స్థూలంగా ఇంతే.

1915 ప్రాంతంలో మొరాకో రేవుపట్టణం కాసాబ్లాంకాలో ఆయన సంస్థ గిడ్డంగులు కట్టింది. గిడ్డంగికి ఆడంబరమెందుకు? సరుకు తడవకూడదు, లోపల చోటు కలిసిరావాలి. అందుకు పలుచని కాంక్రీటు కమానులు కప్పుగా వేశారు. 1923లో పూర్తయిన రెన్సీ చర్చికీ అటువంటి కప్పే వేశాడు. సరుకుల కొట్టుకు తగినది దేవుని మందిరానికి తగదని ఆయన తలచలేదు.

అసలు పరీక్ష వార్ధక్యంలో ఎదురైంది. 1944 సెప్టెంబరులో బ్రిటిష్ విమానాల బాంబులకు సెన్ నది ముఖద్వారాన ఉన్న లె హావ్ర్ రేవుపట్టణం నేలమట్టమైంది. సుమారు 80,000 మంది నిలువనీడ లేనివారైనారు. మరుసటి ఏడు పునర్నిర్మాణ భారం, శిష్యబృందంతో సహా, 71 ఏళ్ళ పెరె మీద పడింది. పట్టణాన్ని మూడున్నర మీటర్ల ఎత్తు వేదికపై నిలిపి, నీటి గొట్టాలు, తీగలు అడుగున నడపాలని ఆయన తలపెట్టాడు. సిమెంటుకూ ఇనుముకూ కరువైన కాలం, ప్రభుత్వం ఒప్పుకోలేదు. అంతట 6.24 మీటర్ల కొలతను ప్రమాణంగా తీసుకొని స్తంభాలు, దూలాలు ఆ లెక్కకే అమర్చాడు. ఒకే అచ్చు పదేపదే పనికివచ్చి ఖర్చు తగ్గింది.

చిక్కంతా హద్దులతో వచ్చింది. పాత స్థలాలన్నీ కలిపివేసి, ఇల్లు పోయిన వారికి బదులుగా అంతస్తుల భవనంలో వాటా ఇచ్చారు. గదులకు వెలుతురు, గాలి, వెచ్చదనం సమకూరాయి. తాతలనాటి గోడ, గుమ్మం మాత్రం తిరిగిరాలేదు. ఆ బూడిదరంగు పట్టణాన్ని చాలామంది ఏళ్ళ తరబడి ఈసడించారు. వారి బాధ అర్థం లేనిది కాదు. అయితే దగ్గరగా చూస్తే అది వట్టి బూడిదరంగు కాదు. కాంక్రీటు పైపొరను సుత్తితో చెక్కించి, లోపలి కంకర రంగులు బయటపడేట్లు చేశాడు రాతిపనివాని కొడుకు.

1954లో పెరె కన్నుమూశాడు. సముద్రంలోని ఓడలకు ఆనవాలుగా నిలిచే 107 మీటర్ల సెయింట్ జోసెఫ్ చర్చి గోపురం 1957లో గాని పూర్తికాలేదు. 2005లో యునెస్కో ఆ పట్టణాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అక్కడి ఒక వాటాను ఆనాటి బల్లలు, వంటసామానుతో అలంకరించి ఇప్పుడు సందర్శకులకు చూపుతున్నారు.