ఎదురుగాలిలో బేబ్ దెబ్బ

డ్రైవర్ అంటే కారు నడిపే మనిషి కాదండోయ్! గోల్ఫ్‌లో తొలి దెబ్బకి వాడే, అన్నిటికన్నా పొడవైన కర్ర. దాంతో బంతిని తరచూ 250 గజాల దాకా పంపి మగ ఆటగాళ్ల చేత కూడా ఔరా అనిపించుకున్న ఆవిడ బేబ్ డిడ్రిక్‌సన్. గోల్కొండ నయా ఖిల్లా దగ్గర గోల్ఫ్ మైదానం ఉందని తెలిసినా, మా ఎస్.ఆర్. నగర్ నుంచి అటు తొంగిచూసిన ఆడవాళ్లం ఎందరం? నాకూ ఆ ఆట మీద పెద్ద ఆసక్తి లేదు, ఈవిడ జీవితం చదివేదాకా.

1911లో అమెరికాలోని పోర్ట్ ఆర్థర్‌లో పుట్టింది. అసలు పేరు మిల్‌డ్రెడ్. నార్వే నుంచి వలసొచ్చిన కుటుంబం, తండ్రి వడ్రంగి, ఏడుగురు పిల్లల్లో ఆరోది. చీపురుకర్రలకి ఇస్త్రీపెట్టెలు కట్టి, పెరట్లో పిల్లలకి కసరత్తు సామాను తయారుచేశాడట ఆ తండ్రి.

డల్లాస్‌లో ఓ బీమా కంపెనీలో ఉద్యోగం దొరికింది. పేరుకి ఆఫీసు పని, అసలు సంగతి వాళ్ల బాస్కెట్‌బాల్ జట్టు. 1932లో జాతీయ అథ్లెటిక్స్ పోటీలకి కంపెనీ ఈ ఒక్కర్తినే జట్టుగా పంపింది. రెండో స్థానంలో నిలిచిన జట్టులో 22 మంది, వాళ్లకొచ్చినవి 22 పాయింట్లు. ఒంటరి బేబ్‌కి 30! అదే ఏడాది లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో జావెలిన్, హర్డిల్స్‌లో బంగారు పతకాలు, హైజంప్‌లో వెండి.

అంత చేసినా పత్రికలు ఏం రాశాయనుకున్నారు? ఆడతనం లేదని! కుట్టుపనిలో బహుమతి తెచ్చుకున్న మనిషి, తన గోల్ఫ్ దుస్తులు తనే కుట్టుకున్న మనిషి. కండలున్న ఆడపిల్లని చూసి కంగారుపడటం మనకొక్కరికే సొంతం కాదన్నమాట.

తర్వాత గోల్ఫ్ పట్టుకుంది. చేతులు రక్తమోడితే టేపు చుట్టుకుని మళ్లీ కొట్టేది. 1935లో టెక్సాస్ మహిళల పోటీ గెలవగానే, డబ్బు కోసం ఆడే మనిషివంటూ అమెచ్యూర్ హోదా తీసేశారు. 1938లో కుస్తీ వీరుడు జార్జ్ జహరియాస్‌ని పెళ్లాడింది. పోయిన హోదా 1943లో తిరిగొచ్చింది. 1946లో అమెరికా అమెచ్యూర్, 1947లో స్కాట్లండ్‌లోని గల్లెన్‌లో బ్రిటిష్ అమెచ్యూర్ గెలిచింది. బ్రిటిష్ టైటిల్ కొట్టిన తొలి అమెరికన్ మహిళ ఈవిడే.

గల్లెన్ అంటే సముద్రపొడ్డు, గాలి రాజ్యం. ఎదురుగాలిలో ఎవరికైనా బలమంతా పెట్టి బాదాలనిపిస్తుంది. పప్పులో కాలేసేది అక్కడే. గట్టిగా బాదితే బంతి వెనక్కి ఎక్కువ గిరగిరా తిరుగుతుంది, ఆ తిరుగుడుకి ఎదురుగాలి తోడై గాలిపటంలా పైకి లేచి దగ్గర్లోనే కూలబడుతుంది. అందుకని తెలిసినవాళ్లు బంతిని పెట్టే టీని కాస్త కిందికి దించి, కర్రని పిసరంత కిందికి పట్టుకుని, తొందరపడకుండా, కర్ర మధ్యభాగం బంతికి తగిలేలా కొడతారు. బంతి కిందుగా దూసుకుపోతుంది.

1950లో మరో పన్నెండు మందితో కలిసి మహిళా ప్రొఫెషనల్ గోల్ఫ్ సంఘాన్ని స్థాపించింది. ఆడవాళ్లు గోల్ఫ్ ఆడి బతకగలిగే దారి అలా పడింది.

1953 ఏప్రిల్‌లో పేగు క్యాన్సర్ అన్నారు. ఆపరేషన్ చేసి పొట్టకి పక్కన దారి పెట్టారు, ఇక జీవితాంతం సంచీతోనే. జబ్బు లింఫ్ గ్రంథులకి పాకిందని డాక్టర్లు భర్తకీ, స్నేహితురాలు బెట్టీ డాడ్‌కీ చెప్పారు గానీ ఆమెకి చెప్పలేదు. మన ఇళ్లలోనూ ఇంతే కదా! రోగికి తప్ప ఊరందరికీ తెలుస్తుంది. ప్రేమతోనే దాస్తారు, కాదనను. కానీ ఆ ఒళ్లు ఎవరిది? మిగిలిన రోజులు ఎలా గడపాలో తేల్చుకునే హక్కు ఎవరిది? ఆ పేజీ దగ్గర నాకు కోపమొచ్చింది.

తనకి నయమైందనే నమ్మింది బేబ్. క్యాన్సర్ పేరెత్తడానికే జనం జంకే రోజుల్లో, తన జబ్బు గురించి నలుగురికీ బాహాటంగా చెప్పింది, చికిత్సలకి చందాలు పోగుచేసింది. ఆపరేషనైన 15 నెలలకి, 1954 జులైలో, పొట్టకి సంచీతోనే అమెరికా మహిళల ఓపెన్ ఆడింది. రెండో స్థానంలో వచ్చినామెకన్నా 12 దెబ్బలు తక్కువలో గెలిచింది.

1955లో జబ్బు తిరగబెట్టింది. 1956 సెప్టెంబర్ 27న, 45 ఏళ్లకే, గాల్వెస్టన్‌లో కన్నుమూసింది. ఆస్పత్రి గదిలో ఓ మూల ఆమె గోల్ఫ్ కర్రలు ఆఖరిదాకా అలాగే ఉన్నాయట.