కూలీల పక్షాన కార్డినల్ మానింగ్

హెన్రీ ఎడ్వర్డ్ మానింగ్ గారు 1808లో ఇంగ్లాండులో జన్మించారు. ఆంగ్లికన్ గురువుగా ఉండి 1851లో కతోలిక శ్రీసభలో చేరారు. 1865లో వెస్ట్‌మినిస్టర్ అగ్రపీఠాధిపతి, 1875లో కార్డినల్ అయ్యారు.

1889 ఆగస్టులో లండన్ ఓడరేవు కూలీలు సమ్మె కట్టారు. వారిలో ఐర్లాండు నుండి వచ్చిన కతోలిక కుటుంబాలవారు చాలామంది. తెల్లవారగానే రేవు గేటు వద్ద పని కోసం తొక్కిసలాడుకునేవారు. ఒక్కోరోజు గంటో, రెండు గంటలో పని దొరికేది. గంటకు 5 పెన్నీల కూలిని 6 చేయమని, పిలిస్తే కనీసం 4 గంటల పని ఇమ్మని అడిగారు.

యజమానులు చివరకు దిగివచ్చినా, కొత్త కూలి జనవరి నుండే అన్నారు. కూలీలు అంతకాలం ఆగలేమన్నారు. ఇళ్లలో పస్తులు. 81 ఏళ్ల మానింగ్ గారు ఇరుపక్షాల మధ్య తిరిగారు. పాప్లర్‌లోని కతోలిక పాఠశాలలో సమ్మె నాయకులతో గంటల తరబడి మాట్లాడి, నవంబరు 4వ తేదీకి ఒప్పించారు. సెప్టెంబరులో సమ్మె ముగిసింది.

1891లో 13వ లియో పోపు గారు శ్రామికుల హక్కులపై విశ్వలేఖ వెలువరించారు. మరుసటి జనవరిలో మానింగ్ గారు ప్రభువునందు నిద్రించారు. అంత్యక్రియల నాడు శ్రామికులు వీధుల వెంట బారులు తీరారు.

మన ఇంట, మన పొలాన పనిచేసేవారికి కూలి వేళకు అందుతోందా? ఈ ఆదివారం కుటుంబ ప్రార్థనలో ఆలోచిద్దాం.