కర్నల్ మెకంజీ దొరగారి భాండారము

లోకమునందలి వింతవస్తువుల నొకచోట జేర్చి చూడవలెనను కోరిక పదునాఱవ, పదునేడవ శతాబ్దములలో ఐరోపాఖండమున మిక్కిలి ప్రబలెను. రాజులు, వైద్యులు, వర్తకులు తమ యిండ్లలో నొక గదిని ప్రత్యేకించి, శంఖములు, నాణెములు, ఎండిన మొసళ్లు, దూరదేశపు ఆయుధములు అందు అమర్చెడివారు. ఆ గదులే కాలక్రమమున మ్యూజియములకు మూలములైనవి. ఇంగ్లండులో ట్రెడెస్కంటు అను తోటపనివారి కుటుంబము కూర్చిన వస్తువులకు 1656లో పట్టిక అచ్చుపడగా, వస్తువులిచ్చిన దాతల పేర్లును దాని చివర ముద్రింపబడెను. ఆ సేకరణము పిదప అష్మోలు అనునతని వశమై, 1683లో ఆక్స్‌ఫర్డు పట్టణమున ప్రజల దర్శనార్థము తెఱువబడెను. బంగాళమున కంపెనీ వ్యవహారములు నడపిన హెడ్జెసు దొర గంగాసాగర ద్వీపమునుండి తెచ్చిన విష్ణువిగ్రహము నొకదానిని ఆ మ్యూజియమునకు సమర్పించెను. ఇచ్చిన దొర పేరు నిలిచినది. చెక్కిన శిల్పి యెవరో, కొలిచిన యూరివారెవరో నేడెవ్వరికిని తెలియదు.

మన తెలుగుదేశమున అట్టి భాండారము నింపినవారిలో అగ్రగణ్యుడు కర్నల్ కాలిన్ మెకంజీ. ఆయన 1754 ప్రాంతమున స్కాట్లండునకు చేరిన లూయిసు ద్వీపమున, స్టోర్నొవే అను రేవుపట్టణమున జన్మించెను. యౌవనమున ఆ రేవు సుంకపుకచ్చేరిలో లెక్కలు తనిఖీచేయు ఉద్యోగము చేసెను. లాగరిథములను కనిపెట్టిన నేపియరు పండితుని చరిత్ర వ్రాయించు ప్రయత్నములో ఆయనకు హిందూ గణితముపై ఆసక్తి కలిగెనని చెప్పుదురు. 1783లో కంపెనీ సైన్యమున చేరుటకై మద్రాసు వచ్చి, ఇంజనీరై, మధురలో కొంతకాలము పండితులతో సంభాషించి, ఈ దేశపు పూర్వచరిత్రపై మనసు నిలిపెను.

ఆయన జీవితమంతయు యుద్ధములతోడను, భూమి కొలతలతోడను గడచెను. 1799లో శ్రీరంగపట్టణపు ముట్టడిలో పాల్గొనెను. అనంతరము మైసూరు సీమ నంతయు సర్వే చేయించెను. 1811లో జావా దండయాత్రకేగి, అక్కడనే వివాహమాడి తిరిగివచ్చెను. 1815లో హిందూదేశమునకు మొదటి సర్వేయర్ జనరలుగా నియమితుడయ్యెను. గొలుసు పట్టి భూమి కొలిచిన ప్రతిచోటను శాసనములు, తాళపత్రములు, నాణెములు, స్థలపురాణములు వెదకించెను. కాని ఆయనకు దేశభాషలు రావు. ఈ మాట ఆయనయే ఒప్పుకొనెను.

భాష తెలియనివాని కీ సంపద యెట్లు లభించెను? ఏలూరివాడైన కావలి వేంకట బొఱ్ఱయ్య 1796 ప్రాంతమున ఆయన కొలువున జేరెను. బహుభాషలు నేర్చి, పాత లిపులు చదువ నభ్యసించి, ఏ యూరిలో ఎవరి నడుగవలెనో, ఎట్లడుగవలెనో ఎఱిగి మెలగినవాడు. ముప్పది యేండ్లయిన నిండక 1803లో అకాలమృత్యువు పాలయ్యెను. పిదప ఆయన తమ్ముడు లక్ష్మయ్య ఆ భారమును వహించెను. మఱియొక సోదరుడు రామస్వామి దక్షిణదేశ కవుల చరిత్రమును ఇంగ్లీషున వ్రాసి 1829లో ప్రకటించెను. జైనపండితుడు ధర్మయ్య హళగన్నడ శాసనములు చదివి చెప్పెను. 1816లో హిక్కీ అను చిత్రకారుడు వ్రాసిన మెకంజీ చిత్తరువులో లక్ష్మయ్య, ధర్మయ్య, దుర్భిణి పట్టిన బంట్రోతు కిష్టాజీ దొర ప్రక్క నిలిచియున్నారు.

వీరు అడుగగా ఇచ్చినవారెవరు? ఊరూర కరణములు. తాతముత్తాతలనుండి దాచిన కవిలెకట్టలు, దండకవిలెలు విప్పి, ఊరు ఎవరిచే కట్టబడినదో, చెఱువు ఎవరు త్రవ్వించిరో, దేవాలయమునకు మాన్యము లెవరిచ్చిరో చెప్పి వ్రాయించిరి. ఇట్లు పుట్టినవే మనము కైఫీయతు లనునవి. కంపెనీ మనిషి వచ్చి ఇనాము కాగితములు చూపుమనినచో, శిస్తు హెచ్చునేమో, మాన్యము పోవునేమో యని గుండె ఝల్లుమనుట లెక్కలు వ్రాయు వృత్తిలోనున్న నావంటివాడు సులభముగ గ్రహింపగలడు. అట్టి భయము నడుమ చూపిన కాగితము దానమే యనవలెను.

ఇయ్యక పోయినవి ఏమయ్యెనో అమరావతి చెప్పుచున్నది. వాసిరెడ్డి వేంకటాద్రినాయుడుగారు అచట నూతన పట్టణము కట్టించుచు దీపాలదిన్నె యను దిబ్బను త్రవ్వింపగా, చెక్కడపు చలువఱాళ్లు బయల్పడెను. మెకంజీ 1798లో వానిని జూచెను. తిరిగి 1816లో వచ్చుసరికి అందనేకము కట్టడములలో కలసిపోయియుండెను. మిగిలినవానికి పటములు వ్రాయించెను. నేడు మహాస్తూపము పూర్వరూపము నూహించుటకు ఆ పటములే ముఖ్యాధారము.

1821 మే 8వ తేదీన మెకంజీ కలకత్తా చెంత హుగ్లీనదిపై పడవలో మరణించెను. ఆయన భార్యకు లక్ష రూపాయలిచ్చి కంపెనీ ఆ సంగ్రహమును కొనెను. 1828లో విల్సను పండితుడు ప్రకటించిన పట్టిక ప్రకారము అందు 1,568 గ్రంథములు, 2,070 స్థానిక వృత్తాంతములు, 8,076 శాసనముల నకళ్లు, 2,630 చిత్రములు, 6,218 నాణెములు, 106 విగ్రహములు గలవు. కొంత లండనునకు బోయెను, కొంత మద్రాసు చేరెను.

మిగిలిన పని తాను పూర్తిచేసెదనని లక్ష్మయ్య ప్రభుత్వమును ప్రార్థించెను. ఇరువది యేండ్లకు పైగా ఆ కట్టలతోడనే బ్రతికినవాడు. కాని దేశీయుడట్టి పనికి చాలడని 1836లో కలకత్తా పండితసభవారు అభిప్రాయమిచ్చిరి. పని టైలరను మతబోధకునకు పోయెను. అడిగి తెచ్చినవాడే పరాయివాడయ్యెను. పాడగుచున్న కైఫీయతులకు పిదప బ్రౌను దొరవారు ప్రతులు వ్రాయింపబట్టి అందు పెక్కు మనకు దక్కినవి.

మెకంజీ పరిశ్రమను నేను తక్కువ చేయుట లేదు. ఆయన వెదకింపనిచో ఎన్నియో ఊళ్ల చరిత్రలు చెదలపాలగునవి. కాని భాండారము ఒక్కని చేతిలో నిండదు. వెదకించినవాడు, అడిగినవాడు, ఇచ్చినవాడు, ముగ్గురు కలసిననే అది నిండును. చరిత్ర మొదటివానిని పేరుతో పిలిచినది, రెండవవానిని సగము మఱచినది, మూడవవానిని పూర్తిగ మఱచినది.

ఈ విషయమున మన కూర్మన్నపాలెమునకు ఒక కర్తవ్యము కలదు. 1971లో పునాదిరాయి పడిన ఉక్కు కర్మాగారము కొఱకు మన చుట్టుపట్ల పల్లెలు పెక్కు ఖాళీయయ్యెను. కరణపు పదవి 1984లో రద్దయినది. ఆ పల్లెల చెఱువుల పేర్లు, గ్రామదేవతల పేర్లు, పొలముల పేర్లు ఎఱిగిన వృద్ధులు ఇంకను మన నడుమ గలరు. ఈ రజతోత్సవ సమయమున మన గ్రంథాలయమువారు కైఫీయతు పుస్తకము నొకదానిని తెఱచి, వారు చెప్పినది చెప్పినట్లు వ్రాయించి, పాతపత్రమో పటమో నాణెమో ఎవరిచ్చినను ఇచ్చినవారి పేరు, ఊరు, తేదీ ఆ పుటయందే నమోదు చేయింతురుగాక. వ్రాతపని నావంతు చేయుటకు నేను సిద్ధముగ నున్నాను.