జిమ్ కార్బెట్

జిమ్ కార్బెట్ (జూలై 25, 1875 - ఏప్రిల్ 19, 1955) భారతదేశంలో జన్మించిన బ్రిటిషు వేటగాడు, ప్రకృతి పరిశీలకుడు, రచయిత. కుమావోన్, గఢ్వాల్ కొండ ప్రాంతాలలో మనుషులను తినే పులులను, చిరుతలను వేటాడి ప్రసిద్ధుడయ్యాడు. ప్రమాద సమయంలో అడవి జంతువులు చేసే హెచ్చరిక అరుపులను అర్థం చేసుకోవడంలో ఇతడు నిపుణుడు.

బాల్యం

కార్బెట్ నైనిటాల్‌లో జన్మించాడు. తండ్రి అక్కడ పోస్టుమాస్టరు. చిన్నతనంలోనే తండ్రిని కోల్పోయాడు. ఈ కుటుంబం శీతాకాలాన్ని కొండల దిగువన ఉన్న కాలాధుంగి గ్రామంలో గడిపేది. అక్కడి అడవులలో తిరుగుతూ కార్బెట్ జంతువుల, పక్షుల అరుపులను గుర్తించడం, అనుకరించడం నేర్చుకున్నాడు.

హెచ్చరిక అరుపులు

చెట్లపై ఉండే కొండముచ్చుకు పులి దూరం నుండే కనబడుతుంది. దాని అరుపు వినగానే క్రింద మేస్తున్న చుక్కల దుప్పులు అప్రమత్తమవుతాయి. కణితి బిగ్గరగా అరుస్తుంది. మొరిగే జింక అరుపు కుక్క మొరిగినట్లుంటుంది. నెమలి, అడవికోడి కూడా హెచ్చరిస్తాయి. తన ఉనికి బయటపడిన పులికి మాటువేసి దాడి చేయడం కష్టమవుతుంది. కనుక ఒక జంతువు అరుపు ఇతర జాతులకు కూడా ప్రాణరక్షణ అవుతుంది.

అరుపులు వరుసగా ఒకచోటి నుండి మరొకచోటికి జరిగితే పులి ఎటు నడుస్తున్నదో కార్బెట్ గ్రహించేవాడు. తరచు ఒంటరిగా, కాలినడకన వేటాడే ఇతనికి పులి ఎక్కడ పొంచి ఉన్నదో తెలుసుకోవడానికి ఇవి ముఖ్యమైన ఆధారం. పొరపాటు పడితే ప్రాణాలకే ముప్పు.

వేట

436 మందిని చంపినదని చెప్పబడే చంపావత్ ఆడపులిని 1907లో, 125 మందిని చంపిన రుద్రప్రయాగ చిరుతను 1926లో ఇతడు వధించాడు. 1938లో మగపులి పిలుపును అనుకరించి, ఠాక్ గ్రామ ప్రాంతంలోని ఆడపులిని దగ్గరకు రప్పించి కాల్చాడు.

సంరక్షణ, చివరి రోజులు

క్రమంగా కార్బెట్ వినోదం కోసం వేటాడడం మాని, కెమెరాతో పులులను చిత్రించసాగాడు. 1936లో హేలీ జాతీయ వనం ఏర్పాటుకు తోడ్పడ్డాడు. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో సైనికులకు అడవిలో మెలగడం నేర్పాడు. 1947లో సోదరి మ్యాగీతో కలిసి కెన్యాకు వెళ్ళాడు. అడవి భాషపై తన అనుభవాలను 1953లో వెలువడిన "జంగిల్ లోర్" గ్రంథంలో వివరించాడు. కెన్యాలోని న్యేరిలో మరణించాడు. ఇతని మరణానంతరం హేలీ వనానికి కార్బెట్ పేరు పెట్టారు. 1973లో పులుల సంరక్షణ పథకం అక్కడే ప్రారంభమైంది.