షిబుసావా ఐఇచి: జపాను పరిశ్రమల పునాది

యంత్రములు కొనితెచ్చినంతమాత్రమున దేశమునకు పరిశ్రమలు రావు. ధనము గలవాడును, పని తెలిసినవాడును ఒకరినొకరు నమ్మవలెను. ఆ నమ్మకమునే మూలధనముగా జేసి జపానున పరిశ్రమలు నెలకొల్పిన షిబుసావా ఐఇచి చరిత్రమును నేడు పాఠకులకు విన్నవింపగోరెదము.

1840లో నేటి టోకియోకు వాయవ్యమున నొక పల్లెలో, నీలిమందు బేరము చేయు రైతుకుటుంబమున ఆయన జన్మించెను. చిన్ననాట కన్ఫ్యూషియసు గ్రంథములు చదివెను. తండ్రివలన బేరమును నేర్చెను. 1863లో పరదేశీయులను తరిమివేయుటకు మిత్రులతో కుట్రపన్ని, అది నిష్ఫలమని గ్రహించి మానుకొనెను. ఆ విదేశద్వేషియే 1867లో షోగూను ప్రభువు తమ్ముని పరివారమున చేరి పారిసు ప్రదర్శనమునకు పోయెను. పలువురి చిన్న మొత్తములను వాటాలుగా కూర్చి మహాకార్యములు సాధించు పద్ధతిని అచట కనులార చూచెను.

1868లో షోగూను ప్రభుత్వము కూలెను. ఆయన స్వదేశమునకు మరలి, నూతన ప్రభుత్వపు ఆర్థికశాఖలో కొంతకాలము పనిచేసెను. ఉద్యోగికి గౌరవము, వర్తకునికి చులకన గల ఆ దినములలో, 1873లో పదవిని త్యజించి మొదటి జాతీయ బ్యాంకు భారమును వహించెను.

అప్పుడు విదేశపు నూలు జపానును ముంచెత్తుచుండెను. అసమాన సంధులవలన సుమారు నూటికి అయిదింటికి మించి సుంకము విధించు స్వాతంత్ర్యము లేదు. ప్రభుత్వము ప్రోత్సహించిన రెండువేల కదుళ్ల చిన్న మిల్లులు నష్టపడుచుండెను. షిబుసావా కారణము వెదకెను. మిల్లు చిన్నది, నీటిశక్తి చాలదు, పని తెలిసిన ఇంజనీరు లేడు. లండనులో చదువుచున్న యామనోబే అను యువకుని లాంకషైరు మిల్లులలో పని నేర్చుకొమ్మని కోరెను. ప్రభువులనుండి, వర్తకులనుండి వాటాలు సేకరించెను. 1883లో 10,500 కదుళ్లతో, ఆవిరిశక్తితో ఒసాకా మిల్లు నూలు తీయనారంభించెను. 1897 నాటికి జపాను దిగుమతి నూలుకంటె ఎగుమతి నూలే మిన్న యయ్యెను.

ఈ కథలో మనకును పాలు గలదు. ప్రత్తి రవాణాపై విదేశ నౌకా సంఘముల గుత్తాధిపత్యమును త్రోసివేయ, 1893లో జంషెడ్జీ టాటాయు షిబుసావాయు సంప్రదించుకొనిరి. బొంబాయి-కోబే మార్గమున జపాను నౌకలు నడిచెను. ప్రత్యర్థులు సరకుకూలి నెంత తగ్గించినను జపాను మిల్లుదారులు ఆడినమాట తప్పరైరి. ఆ మార్గము నిలిచెను. టాటాగారి సొంత నౌకామార్గమో, కొలదికాలముననే మూతపడెను.

దోషములను మేము దాచము. ఆ మిల్లులలో స్త్రీలును బాలికలును రాత్రులు శ్రమపడిరి. కార్మికరక్షణ శాసనమును ఆయన మొదట వ్యతిరేకించెను. ఆయన బ్యాంకు కొరియాలో నోట్లు చెలామణి చేసి పరరాజ్యాక్రమణమునకు దారితీసెను.

అయినను సుమారు 500 సంస్థలకు తోడ్పడియు, వానిని తన వంశపు సొత్తుగా జేసికొనలేదు. 1931లో కాలధర్మము నొందెను. 2024లో వెలువడిన పదివేల యెన్నుల నోటుపై ఆయన ముఖమే గలదు.

పొలములలోను బంగారములోను ధనము నిలువజేయు మన గృహస్థులు ఒక్కటి యోచింపవలెను: వాటా కొనుటకు ధైర్యమెంత యవసరమో, ఇచ్చిన మాటపై నిలుచుట యంతకంటె నవసరము.