జనం మెచ్చిన ఆటగాడు: సి.కె.నాయుడు

క్రికెట్‌లో ఆటగాళ్లు రకరకాలు. వికెట్ పడకుండా జిడ్డాట ఆడేవాడు ఒకడైతే, జనాన్ని మైదానానికి రప్పించేవాడు ఇంకొకడు. కొట్టారి కనకయ్య నాయుడు గారు రెండో రకం. 1895లో నాగపూర్‌లో పుట్టినా పూర్వీకులది మన బందరే. 1926 డిసెంబరులో బొంబాయి జింఖానాలో, ఇంగ్లండు నుంచి వచ్చిన ఎం.సి.సి. జట్టును చితకబాది రెండు గంటల్లోపే 153 పరుగులు తీశారు. అందులో సిక్సర్లే 11!

1932లో ఇంగ్లండు వెళ్లిన జట్టుకు నాయకుడు పోర్‌బందర్ మహారాజా. ఆయన ఆట అంతంతమాత్రం. పెద్దమనసుతో తప్పుకున్నారు. అలా లార్డ్స్‌లో మన మొట్టమొదటి టెస్టుకు నాయుడు గారే కెప్టెన్. చేతికి దెబ్బ తగిలినా 40 పరుగులు చేశారు.

ఆడిన టెస్టులు మొత్తం ఏడే, సగటు 25. ఈ అంకెలే చూపించి ఇవాళ ఐ.పి.ఎల్. వేలంలో నిలబెడితే ఎవరైనా పెదవి విరుస్తారు. కాని వ్యాపారులకు జనం నాడి తెలుసు కదా! 1941లో బాత్‌గేట్ లివర్ టానిక్ వాళ్లు ఆయన పేరుతో ప్రకటన వేసుకున్నారు. మనదేశంలో ఒక సరుకుకు పేరిచ్చిన తొలి క్రికెటర్ ఆయనే అంటారు.

1953-54లో ఆంధ్ర జట్టు మొదటిసారి రంజీ బరిలోకి దిగితే, 58 ఏళ్ల వయసులో ముందు నడిచిందీ ఆయనే. 1967లో ఇండోర్‌లో కన్నుమూశారు.